నోరు మూసుకున్న దయ్యం

నిన్న మా మనవరాలు వంటింటి బల్ల నిండా మైదా చల్లి దయ్యం బిస్కట్లు చేసింది. బడిలో దయ్యాల పండుగట. ముత్తంగి దగ్గర ఈ అపార్ట్‌మెంటులో పదో అంతస్తు దాకా ఏ దయ్యం ఎక్కొస్తుందిలే అనుకుంటూ, వాటి కళ్లకి లవంగాలు అందించాను. ఆ వాసనకి మా పాత క్వార్టరూ, పక్కింటి టీచరమ్మా, నిక్కరు పట్టుకుని బిక్కమొహం వేసిన మా తమ్ముడూ కళ్ల ముందుకొచ్చారు.

డెబ్బైల మొదట్లో మాట. నాన్నగారికి ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి, కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చిన కొత్త. క్వార్టరు బాగానే ఉండేది, మరుగుదొడ్డి మాత్రం పెరటి చివర, ఫ్యాక్టరీ ప్రహరీగోడ పక్కన. సరిగ్గా దీపాలు పెట్టే వేళకి గోడ అవతల షిఫ్టు సైరన్ కూసేది. అది సైరన్ కాదనీ, ఆకలేసిన దయ్యం అరుపనీ ఐదేళ్ల తమ్ముడు తీర్మానించుకున్నాడు. చీకటి పడ్డాక వాడు పెరట్లోకి వెళ్లాలంటే నేను తోడు వెళ్లి, తలుపు బయట నిలబడి పద్యాలు చదవాలి. పద్యం ఆగితే లోపల్నుంచి ఏడుపు. నాకొచ్చిన పద్యాలేమో నాలుగే. నవ్వుకునేవాళ్లం గానీ, వాడిది నిజమైన భయం. రానురాను మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేశాడు. అమ్మ బతిమాలింది, నాన్న కసిరారు, లాభం లేకపోయింది.

పక్కింటి టీచరమ్మది మెదక్ వైపు. క్రిస్మస్ ముందు పిల్లలందర్నీ కూర్చోబెట్టి బిస్కట్ల పిండితో చుక్కలూ చెట్లూ చేయించేది. పళ్లెం పట్టుకెళ్తే బేకరీ సాయిబు తన భట్టీలో కాల్చి ఇచ్చేవాడు. ఆ ఏడు పిండిలో టీచరమ్మ సోడా వేసింది. సాయానికి వెళ్లిన మా అమ్మ, బిస్కట్లు చేయడం ఎరగనిది, బజ్జీల లెక్కన మరోసారి వేసింది. ఒకరు వేసిన సంగతి ఒకరికి తెలియదు. టీచరమ్మ తమ్ముడి ముందు ఒక ముద్ద పెట్టి, "నీ దయ్యం ఎట్లుంటదో చెయ్యి బిడ్డా, జెర మేం గూడ సూస్తం" అంది. వాడు చేసినదానికి కాళ్లు లేవు, లవంగాల కళ్లు, మొహమంతా నోరే. అది చూసి మేమూ చుక్కలు మానేసి తలా ఒక దయ్యం చేశాం.

సాయిబు పళ్లెం చూసి వెనక్కి తోశాడు. భట్టీలో షైతాన్లను పెడితే రేపు తన రొట్టె పొంగదన్నాడు. టీచరమ్మ తొణక్కుండా, "కాలవెట్టనీకే తెచ్చినం గద సాయిబూ, ముద్దు చెయ్యనీకా?" అంది. ఆ న్యాయం ఆయనకి నచ్చింది. తమ్ముడు చూస్తుండగానే పళ్లెం లోపలికి పోయింది.

రెండుసార్లు పడ్డ సోడా ఊరుకుంటుందా? దయ్యాలన్నీ పూరీల్లా ఉబ్బి, బొజ్జలతో ఒకదానికొకటి అతుక్కుని బయటికొచ్చాయి. తమ్ముడి దయ్యానికైతే బుగ్గలు పొంగి నోరు పూర్తిగా మూసుకుపోయింది. వాడు దాన్ని చాలాసేపు చూసి, తినమన్నా తినకుండా జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం సైరన్ కూసింది. నేను పద్యం అందుకోబోతుంటే, "ఇది వేరే ఎవరిదో అక్కా, నాది అరవలేదు" అని జేబు తడుముకుంటూ ఒక్కడే పెరట్లోకి వెళ్లాడు. అమ్మ వెంటనే చెంబుతో తాగే నీళ్లు తెచ్చి వాడికోసం గుమ్మంలో నిలబడింది. నాకెందుకో ఏడుపొచ్చింది, నా పద్యాలు వినేవాడు లేకుండా పోయాడనేమో.

మనవరాలి బిస్కట్ల ఫొటో నిన్న తమ్ముడికి పంపాను. వచ్చే వారం వాడికి గుండె ఆపరేషన్. వెంటనే ఫోన్ చేసి, "సోడా రెండుసార్లు వెయ్యమను అక్కా, నా జేబుకి ఒకటి కావాలి" అన్నాడు. ఆ గోడా, ఆ సైరనూ ఎప్పుడో పోయాయి, తలుపు బయట నిలబడడం మాత్రం ఇన్నేళ్లయినా నా వంతే.