ఫోర్కు రాడ్డు మీద ఎర్రచుక్క

గుడ్లు టోకున కొని, మోటారు సైకిల్ మీద బేకరీలకీ హోటళ్లకీ చేరవేసే ఆ పెద్దమనిషిని మార్కెట్లో అందరూ భూతద్దం అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. పొద్దున్నే గోదాములో గుడ్ల అట్టలు దించగానే ఒక్కో గుడ్డునీ బల్బు ముందు పట్టి లోపలికి చూస్తాడు. సొన నిలకడగా ఉందా, పెంకు మీద వెంట్రుకంత బీట ఏమైనా ఉందా అని. అది వ్యాపారం, తప్పేమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే మనుషుల్ని కూడా అలాగే బల్బు ముందు పట్టి చూస్తాడు. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనుకుంటాడు. నవ్వకపోతే ఇంకాస్త ఎక్కువ కలిపాడనుకుంటాడు.

ఇలా చూసీ చూసీ సొంత అన్నతో మాటలు పోగొట్టుకున్నాడు. కింది వాటాలో వాళ్లు మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరిగి నడుస్తారు. ఇంటికి వచ్చిపోయే చుట్టమంటూ ఒక్క చెల్లెలి మొగుడే మిగిలాడు. అతను బస్టాండు వెనక రేకుల షెడ్డులో మోటారు సైకిళ్లు బాగుచేసే మెకానిక్. చెవులదాకా నవ్వే మనిషి. బావగారి అనుమానాలన్నీ అతనికి కాలక్షేపం. “ఈ వారం ఎవరు దొంగ బావా?” అంటూ లోపలికి వస్తాడు, వచ్చి వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటాడు. అతను వచ్చిన రోజు ఆ ఇంట్లో నాలుగు మాటలు వినిపిస్తాయి.

“అన్నయ్యని కూడా దూరం చేసుకున్నారంటే, ఇక మన తలుపు తట్టేవాడు ఉండడు. నేను ఈ గోడలతో మాట్లాడుకోవాలి,” అని, అతన్ని అన్నయ్యా అని పిలిచే భార్య ముందే చెప్పింది. ఆవిడ ఆ మాట వేళాకోళానికి అనలేదు.

సరే, ఆ మధ్య గుడ్లు పగలడం మొదలైంది. అట్టలు తాళ్లు బిగించి కట్టినవి కట్టినట్టే ఉంటాయి, బేకరీ దగ్గర దించేసరికి ముందు వరసలో సొన కారుతూ ఉంటుంది. బేకరీవాడే చాటుగా నొక్కేసి తన మీదికి నెడుతున్నాడని భూతద్దం తేల్చేశాడు. అదే మాట షెడ్డులో చెబితే, మెకానిక్ బండెక్కి, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిలు మీద బరువు వేసి ఊపాడు. బండి ముక్కు నేలని వాసన చూస్తున్నట్టు దిగిపోయింది.

“పాపం బేకరీవాడు! నీ ముందు ఫోర్కులు చచ్చాయి బావా, లోపలి స్ప్రింగులు మెత్తబడిపోయాయి. బ్రేకు వేసినప్పుడల్లా బండి ముందుకి కూలబడుతోంది, వెనకున్న అట్టలన్నీ నీ వీపు మీదికి వస్తున్నాయి. గట్టి స్ప్రింగులు వేసి, కాస్త చిక్కటి ఆయిల్ పోద్దాం. గోతిలో దిగినా నీ గుడ్లకి మెలకువ రాదు.”

కొత్త స్ప్రింగులు తెప్పించాడు. భూతద్దం వాటిని అటూ ఇటూ తిప్పాడు. ఒక చివర చుట్లు దగ్గర దగ్గరగా, రెండో చివర ఎడంగా ఉన్నాయి.

“ఇది తేడా సరుకు. సగం చుట్టి, సగం వదిలేశారు.”

“అది అంతే బావా. దగ్గర చుట్లు చిన్నచిన్న కుదుపులకి, ఎడం చుట్లు పెద్దవాటికి.”

వివరణ ఇంత చక్కగా సిద్ధంగా ఉందంటే ముందే అనుకుని పెట్టుకున్నాడన్నమాట, అనుకున్నాడు భూతద్దం. కూర్చుని పని చూద్దామంటే హోటలు నుంచి ఫోన్ మీద ఫోన్. అరువు బండి మీద సరుకు వేసుకుని వెళ్లక తప్పలేదు. సాయంత్రం వచ్చేసరికి బండి తుడిచి సిద్ధంగా ఉంది. పాత స్ప్రింగులు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు మెకానిక్. మజూరీ ఇవ్వబోతే, “నీ చెల్లెలు ఊరుకుంటుందా?” అని చెయ్యి నెట్టేశాడు. “వారం పోయాక ఒకసారి తీసుకురా. బోల్టులు ఒకసారి చూసి పంపిస్తా.”

దారిపొడుగునా భూతద్దానికి ఆ మాటే చెవిలో జోరీగలా తిరిగింది. బండి గాల్లో తేలుతున్నట్టు పోతోంది, ఆ మాట నిజం. కానీ ఊరికే ఎవడు చేస్తాడు? అయిపోయిన పనికి మళ్లీ రమ్మనడం దేనికి? ఇప్పుడు మంచివి వేసి, నమ్మకం కుదిరాక, రెండోసారి వెళ్లినప్పుడు ఊడదీసి ఇంకెవరి పాతవో బిగిస్తే? లోపలున్న స్ప్రింగు ఎవరికి కనబడుతుంది? అసలు ఈ కాగితంలో ఇచ్చినవైనా తన పాత స్ప్రింగులేనా? చచ్చిన స్ప్రింగుల్ని దాచుకుని ఎవరేం చేసుకుంటారన్న ప్రశ్న మాత్రం ఆయనకి తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం భార్య కునుకు తీస్తున్నప్పుడు అద్దం దగ్గర గోళ్లరంగు సీసా తీసుకుని కిందికి దిగాడు. ఫోర్కు మూతల మీద సన్నటి గీతలు గీశాడు, విప్పితే తెలిసిపోతుందని. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. తళతళలాడే ఫోర్కు రాడ్లు చూడగానే, వీటిని మాత్రం మార్చరని నమ్మకమేమిటి అనిపించింది. ఎవరి కంటా పడకుండా లోపలివైపున, రబ్బరు మూతకి కొంచెం పైన, ఒక్కో రాడ్డు మీదా ఒక్కో ఎర్రచుక్క పెట్టాడు. ఆరాక ఇంకో పూత వేశాడు. పని ఎంత శ్రద్ధగా చేశాడో!

నాలుగు రోజులు గుడ్డు పగల్లేదు. ఐదో నాడు బేకరీ ముందు బండి ఆపి చూస్తే ఎడమ ఫోర్కు మీదుగా ఆయిల్ కారి, చక్రం మీద పడుతోంది. ఆయనకి ఒకరకమైన హుషారు వచ్చింది. అనుకున్నదే జరిగిందన్న హుషారు. సరాసరి షెడ్డుకి పోయాడు. అక్కడ ముగ్గురు ఖాతాదార్లు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. 

“ఆయిల్ ఆపే రబ్బరు సీళ్లు పాతవి వేశావు. అందుకే కదూ మజూరీ వద్దన్నావు? చుట్టమని వస్తే నాకే టోపీ పెడతావా? అయ్యా, మీ బండ్లు కూడా ఒకసారి చూసుకోండి!”

బెంచీ మీద ఒకతను నిజంగానే లేచి తన బండి దగ్గరకి వెళ్లి నిలబడ్డాడు. మెకానిక్ నవ్వలేదు. బండికి స్టాండు వేసి, చక్రం ఊడదీసి, రబ్బరు మూత పైకి లేపాడు. తెల్లగుడ్డతో రాడ్డు చుట్టూ తుడిచి ఆ గుడ్డని వెలుతురులో పట్టుకున్నాడు. గుడ్డ మీద ఎర్రటి పొలుసులు. సీలు బయటికి తీస్తే, దాని అంచులో అలాంటి పొలుసే ఒకటి ఇరుక్కుని, మెత్తని రబ్బరు చిరిగి ఉంది.

“ఇదేంటి బావా?”

ఫోర్కు దిగినప్పుడల్లా రాడ్డు ఆ సీలులోంచే జారాలన్న సంగతి భూతద్దానికి అప్పుడు వెలిగింది. అబద్ధం చెబుదామనుకున్నాడు. కానీ రెండో రాడ్డు మీద చుక్క ఇంకా నిగనిగలాడుతోంది.

“నేనే... గుర్తుకోసం...”

“దేనికి గుర్తు?”

భూతద్దానికి తల కొట్టేసినట్టయింది. మెకానిక్ చుక్కల్లో మిగిలినదంతా గోటితో గీకి, రాడ్లు నున్నగా తుడిచి, కొత్త సీళ్లు వేసి, ఆయిల్ మళ్లీ కొలిచి పోశాడు. ఆ పని అయ్యేంతసేపూ తలెత్తలేదు. ఈసారి మజూరీ ఇస్తే తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అతను ఇంటికి రాలేదు. పనుల ఒత్తిడి అని చెల్లెలు ఫోన్లో చెప్పింది. ఆ గొంతులోనే అసలు సంగతి తెలిసిపోయింది. భార్య వంటింట్లో పీట గోడకి ఆనించేసింది. అది చూసి భూతద్దానికి తిండి సహించలేదు. బండి బాగుంది, గుడ్లు భద్రంగా ఉన్నాయి, మనసు మాత్రం పాడైపోయింది. చివరికి, చైను బిగించాలన్న వంక పెట్టుకుని షెడ్డుకి వెళ్లాడు. వెళ్లి కాళ్లు పట్టుకున్నంత పని చేద్దామనే వెళ్లాడు.

మెకానిక్ లేచి, కుర్చీ తెచ్చి బండి ఎదురుగా వేశాడు. “కూర్చో బావా.” తర్వాత ఫోన్ తీసి ఫోర్కులు, మూతలు, చైను, చక్రాలు, బండిని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. బెంచీ మీదున్నాయన్ని పిలిచి, “మీరు కూడా ఒకసారి చూడండి, వచ్చినప్పుడు ఎలా ఉందో,” అన్నాడు. ఆ పెద్దాయన మొహమాటంగా చూసి తలూపాడు. అప్పుడు గాని పానా చేతిలోకి తీసుకోలేదు.

“ఇవన్నీ ఎందుకు బావా? ఒట్టు, నీ మీద నాకు ఏ అనుమానమూ లేదు.”

“నాకుంది,” అన్నాడు మెకానిక్, కోపం లేకుండానే. “నువ్విక్కడే కూర్చుని చూడు. అయ్యేదాకా లేవకు.”