మూతపడని నోరు

నావి ఎత్తుపళ్ళు. పై పెదవి కింది పెదవిని తాకాలంటే నేను పూనుకుని తాకించాలి. ఏ కిటికీలోంచో చూస్తూ పరధ్యానంలో పడ్డానంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మా పెళ్ళి ఆల్బమ్ తిరగేసినవాళ్ళు ఈ పిల్లకి బలవంతపు పెళ్ళి చేశారేమో అనుకుంటారు. ఇష్టపడే చేసుకున్నాను. ఫోటో తీసేదాకా పెదవులు బిగబట్టుకుని నిలబడ్డాను, అంతే.

దీనికంతటికీ కారకుడు మా నాన్నేనని ముప్పై ఏళ్ళు నమ్మాను. ఆ పళ్ళు ఆయన పోలిక అని కాదు. సరిచేయించే అవకాశం మా గుమ్మం దాకా వస్తే ఆయన దాన్ని వెనక్కి పంపేశాడని.

అప్పుడు మేం బెంగాల్లో, గార్డెన్ రీచ్‌లో పోర్టు వాళ్ళ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న డాకులో క్రేను నడిపేవాడు. నాకు పన్నెండేళ్ళు. బడిలో నన్ను ‘దాంతాల్’ అనేవారు, అంటే కొమ్ములున్న ఏనుగు. ఒకరోజు బడికి పళ్ళ డాక్టర్లు వచ్చారు. ఒక బెంగాలీ డాక్టరమ్మ నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, చీటీ రాసిచ్చింది. పెద్దాసుపత్రికి తీసుకొస్తే నాలుగు పళ్ళు తీసి చోటు చేసి క్లిప్పులు వేస్తారట, ఇంట్లో పెద్దవాళ్ళు సంతకం పెట్టాలట. చీటీ నలగకుండా భూగోళం పుస్తకంలో పెట్టుకుని పరుగున ఇంటికి వచ్చాను.

నాన్న చీటీ చదివాడు. మళ్ళీ చదివాడు.

“వొద్దు,” అన్నాడు.

“ఎందుకు నాన్నా?”

“దేవుడిచ్చిన నోరది. తీగలేటి దానికి?”

చీటీని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో పెట్టేశాడు. పొయ్యి దగ్గరున్న అమ్మ అన్నం వడ్డించింది. నేను రెండు రోజులు అన్నం మానేశాను, మూడో రోజు ఆకలికి తాళలేక తినేశాను. కోపం మాత్రం దిగలేదు. చర్చిలో పాటలు పాడేవాళ్ళలో వెనక వరుసకి నా అంతట నేనే వెళ్ళి నిలబడటం ఆ ఆదివారం నుంచే మొదలైంది.

ఆ బైబిల్ మా తాతది. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి టికియాపారాలో రైల్వే పనిలో చేరినప్పుడు వెంట తెచ్చుకున్నది. మొదట్లో ఉన్న ఖాళీ పేజీల్లో మా ఇంటి పుట్టుకలు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, మరణాలు వరుసగా రాసి ఉంటాయి. కొత్త సంవత్సరం మొదటి రోజు చర్చి నుంచి వచ్చాక ఇంటి పెద్ద వాటిని పైకి చదువుతాడు, మిగతావాళ్ళం తలలు వంచుకుని వింటాం. అందులో రాసినదాన్ని కొట్టేయకూడదు, దిద్దకూడదు. నా పుట్టినరోజు అందులో ఒకరోజు ముందుకి పడింది, అది అలాగే ఉంది. నాన్న చెల్లెలి పేరు పక్కన తాత చేతిరాతతో ‘జ్వరముచేత ప్రభువునందు నిద్రించెను’ అని ఉంటుంది. ఆ పిల్లకి పదకొండేళ్ళు. నాన్న అన్ని వరుసలూ నింపాదిగా చదివి ఆ ఒక్క వరుస గబగబా దాటేసేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు మేం న్యూ టౌన్‌లో తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాం. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేస్తాను, మా ఆయన ఎక్కువగా ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో ఉన్నాడు. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్న మాతోనే ఉంటున్నాడు. డెబ్భై దాటినా మా అమ్మాయిని స్కూలు బస్సు దాకా ఆయనే తీసుకెళ్తాడు. బస్సు దగ్గర నిలబడ్డ అందరి పిల్లలకీ ఆయన దాదూ, మా అమ్మాయికి మాత్రం తాత.

అమ్మాయికి అచ్చంగా నా పళ్ళే వచ్చాయి. కిందటేడు దాని పుట్టినరోజు వీడియోలో ఒకటి గమనించాను. అది ఎన్నిసార్లు నవ్విందో అన్నిసార్లూ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. దానికి ఎవరూ నేర్పలేదు, నన్ను చూసి నేర్చుకుంది. ఆ వారమే క్లినిక్‌కి తీసుకెళ్ళాను. పిల్ల ఎక్కడికెళ్తే నాన్న అక్కడికి వస్తాడు కాబట్టి ఆయనా వచ్చాడు.

డాక్టరు చిన్నవయసు బెంగాలీ అమ్మాయి. ఎక్స్‌రే చూపించి ఓపిగ్గా చెప్పింది. దవడ చిన్నది, పళ్ళు పెద్దవి, చోటు చాలక ముందుకు తోసుకొచ్చాయి. పైన రెండు, కింద రెండు తీసేయాలి, ఆ తర్వాత క్లిప్పులు, రెండేళ్ళు పడుతుంది. “చార్టే దాంత్ తుల్‌తే హబే,” అంటూ నాలుగు వేళ్ళు చూపించింది.

మూల కుర్చీలో కూర్చున్న నాన్న లేచాడు. వచ్చి పిల్ల మణికట్టు పట్టుకుని బయటికి నడిచాడు. డాక్టరు వేళ్ళు ఇంకా గాల్లోనే ఉన్నాయి. నేను క్షమించమని చెప్పి, సంచీ, నీళ్ళ సీసా, పిల్ల చెప్పులు పోగుచేసుకుని వెనకే పరుగెత్తాను. వాళ్ళు అప్పటికే లిఫ్టు దిగిపోయారు. పిల్ల ఉత్తి కాళ్ళతో రోడ్డు మీద నిలబడి ఉంది.

ఇంటికి వచ్చేదాకా పళ్ళు బిగబట్టుకున్నాను. తలుపు వేసిన మరుక్షణం ఆగలేకపోయాను.

“నా నోరు పాడుచేసినావు నాన్నా. ఇప్పుడు దీనిదీనా? నువ్వెవరివి దీనికి అడ్డం పడడానికి?”

తండ్రితో అనకూడని మాటలు ఇంకా చాలా అన్నాను. బడిలో ఏనుగన్న సంగతి, చర్చిలో వెనక వరుస, పెళ్ళి ఫోటోలు, అన్నీ ఏకరువు పెట్టాను. ముప్పై ఏళ్ళుగా దాచిపెట్టుకున్నవి కదా, ఒక్కటీ మరిచిపోలేదు. ఆయన విన్నాడు. గదిలోకి వెళ్ళి బైబిల్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి తెరిచాడు. నా చీటీ అందులోనే ఉంది, పసుపుపచ్చగా అయిపోయి. దాన్ని పక్కకి జరిపి, చెల్లెలి వరుస మీద వేలు పెట్టాడు.

“ఇది అబద్దం,” అన్నాడు. “రాసింది మా నాన్నే గాని, సెప్పినోడ్ని నాను.”

నాకు అర్థం కాలేదు. కూర్చున్నాను.

“దానికి పన్నునొప్పి. మూడు దినాలు ఏడిసింది. మా నాన్న డూటీ మీద లైనుకెల్లిపోనాడు. నౌకరీ సేసీవోడు ఎంట నేకుండా రైల్వే ఆసుపత్రిలో సూడరు. టేసను కాడ రోడ్డు పక్కన పల్లు పీకీవోడు ఒకడు గోనె పరుసుకుని కూకునీవోడు. నానే తీసికెల్లినాను. నాకు పదమూడేల్లు. అది బెదిరిపోతే సేతులు నానే పట్టుకున్నాను, కదలకుండా. పీకీసినాడు. అమ్మకి సెప్పొద్దని దానిసేత ఒట్టేయించినాను.”

ఆయన వేలు ఆ వరుస మీదే ఉంది.

“ఎనిమిదో రోజుకి దవడ బిగిసిపోనాది. నోరు తెరవే, నోరు తెరవే అని మాయమ్మ ఒకటే గోల. నీలు పోద్దామంటే పల్లు ఇడిపోవు. ఆసుపత్రిలో డాట్రు అడిగినాడు, ఎక్కడైనా దెబ్బ తగిలిందా, గాయమైనాదా అని. మాయమ్మ నేదంది. నాను మంచం కాల్ల కాడే నిలబడున్నాను. నాను సెప్పనేదు.”

“చెప్పుంటే బతికేదా నాన్నా?”

“తెల్దు. ఇప్పటికీ తెల్దు. జొరంతోటి పోనాదని మా నాన్న రాసుకున్నాడు.”

నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది జాలి కాదు, కోపమే. ఈ మాట నాకు పన్నెండేళ్ళప్పుడు చెప్పి ఉంటే నేను అర్థం చేసుకునేదాన్ని కదా అని. దేవుడిచ్చిన నోరు అని దేవుడి మీదకి నెట్టేస్తే నేను దేవుడితో కూడా పోట్లాడుకున్నాను. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన తల ఊపాడు.

“నీ నోరు మూతపడదని అందరూ ఏడిపించీవోరు గాని, నాకు అలగే బాగుండీది,” అన్నాడు. “మద్దేనం నువ్వు పడుకున్నప్పుడు వొచ్చి సూసీవోడ్ని. తెరిసే ఉన్నాది, పర్లేదు, అనుకునీవోడ్ని.”

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. సెలవుల్లో మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి ఉండటం నాకు గుర్తే. నా పళ్ళు చూసి సిగ్గుపడుతున్నాడనుకునేదాన్ని.

అమ్మాయి తలుపు చాటున నిలబడి అంతా విన్నది. దానికి తెలుగు చదవడం రాదు, మాట్లాడటం మాత్రం వస్తుంది. వచ్చి తాత వేలున్న చోటు చూసింది.

“ఈమె పేరేటి తాతా?”

ఆయన చెప్పాడు. ఆ పేరు మామూలుగా, నెమ్మదిగా పలకగా వినడం నాకదే మొదలు. అమ్మాయి ఆయన వైపు తిరిగింది.

“నాకు పళ్ళు తీసినప్పుడు నువ్వు లోపలికి రా తాతా. నా చేతులు పట్టుకో.”

“సేతులు పట్టుకోమనకు తల్లీ,” అన్నాడు నాన్న. “పక్కన నిలబడతాను.”

మరుసటి వారం మళ్ళీ వెళ్ళాం. పళ్ళు తీసే ముందు డాక్టరు కాగితం తీసుకుని అందరినీ అడిగే ప్రశ్నలే అడిగింది. పిల్లకి ఏ మందైనా పడదా, ఆస్తమా ఉందా, ఇంట్లో ఎవరికైనా పళ్ళు తీసినప్పుడు ఇబ్బంది అయిందా. నేను లేదని చెప్పడానికి నోరు తెరిచాను.

“అయింది,” అన్నాడు నాన్న బెంగాలీలో.

నిలబడే మొత్తం చెప్పాడు. టికియాపారా, గోనెపట్ట మీద కూర్చున్నవాడు, చెల్లెలి చేతులు, ఒట్టు, ఎనిమిదో రోజు. ఆసుపత్రి డాక్టరు అడిగితే తను చెప్పలేదన్నది కూడా దాచకుండా చివరిదాకా చెప్పాడు. అరవై ఏళ్ళ కిందట ఒక డాక్టరు అడిగిన ప్రశ్నకి ఆయన అప్పుడు జవాబిచ్చాడు. ఈ డాక్టరు కలం కింద పెట్టి విన్నది. బయట ఇంకా ఇద్దరు రోగులు ఎదురుచూస్తున్నా గడియారం వైపు చూడలేదు.

తర్వాత పిల్ల టీకాల కార్డు అడిగింది. అందులో ధనుర్వాతం టీకా వేసినట్టు రాసి ఉన్న చోటు వేలితో చూపించి, అప్పట్లో ఇది అందరికీ అందేది కాదు దాదూ అంది. మరిగే ఆవిరిలో శుభ్రం చేసిన పనిముట్ల పొట్లం మూసి ఉన్నదున్నట్టు తెచ్చి, నాన్న కళ్ళెదుటే చింపింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కటీ చూశాడు. ఆ రోజు రెండు పళ్ళు తీశారు, ఇంకో వారానికి మిగతా రెండూ. రెండుసార్లూ నాన్న పిల్ల కుర్చీ పక్కనే నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

ఆ తర్వాత నెల రోజులూ మా ఇంట్లో తెల్లారగానే ఒకటే మాట. పిల్ల పళ్ళు తోముకోకముందే ఆయన వచ్చి ఎదురుగా నిలబడేవాడు.

“నోరు తెరువమ్మా.”

అది తెరిచేది. ఆయన పుండు చూసేవాడు కాదు, దవడ ఎంతవరకు తెరుచుకుంటుందో చూసేవాడు. డాక్టరు భయం లేదని చెప్పి పంపేశాక కూడా మానలేదు. స్కూలు బస్సు వెళ్ళిపోతోందని నేను కసురుకున్నా, అది మాత్రం ఒక్కరోజూ విసుక్కోలేదు.

బైబిల్లో ఆ వరుస సంగతి ఏం చేద్దామని ఒకసారి అడిగాను. “మా నాన్న సేతిరాత. కొట్టీలేను,” అన్నాడు. మళ్ళీ తనే, “నువ్వెక్కడైనా రాసుకో,” అన్నాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆమె జ్వరంతో పోలేదు.

పిల్లకి క్లిప్పులు బిగించిన రోజున డాక్టరు నా వైపు తిరిగి, మీరూ వేయించుకోవచ్చు, ఎముక ముదిరింది కాబట్టి కాస్త ఎక్కువకాలం పడుతుంది, అంతే అంది. నలభై నాలుగేళ్ళ మనిషికి ఇప్పుడేం సోకు అని నవ్వాను, అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టుకుని. చెయ్యి దించేలోపు అమ్మాయి కంట పడ్డాను. వచ్చే గురువారానికి పేరు రాసుకోమన్నాను.

నాకూ నాలుగు పళ్ళు తీశారు. నాన్న రాలేదు, నేనే వద్దన్నాను. ఆఖరి రెండూ తీయించుకుని వచ్చిన మర్నాడు దవడ వాచి, చెంప బరువుగా వేలాడుతోంది. టీ చల్లార్చుకుని ఒక పక్క నుంచి గుటకలు వేస్తున్నాను. పిల్ల బస్సెక్కి వెళ్ళిపోయింది. దాన్ని దింపి తిరిగొచ్చిన నాన్న చెప్పులు విప్పి, నేరుగా వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ఏదో అడగబోయి ఆగాడు. ముప్పై ఏళ్ళు నేను ఆయన ముందు చెయ్యి అడ్డం లేకుండా నవ్వలేదు, ఆయనకీ ఆ సంగతి తెలుసు.

“నోరు తెరువమ్మా,” అన్నాడు.

గ్లాసు కింద పెట్టాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వీలైనంత వెడల్పుగా నోరు తెరిచాను. ఆయన వంగి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, చాలాసేపు చూశాడు. నేను మూయలేదు.