బోనఫైడ్ లేని పంతులు

సాంఘికశాస్త్రం స్కూల్ అసిస్టెంటుగా, అంటే హైస్కూలు టీచరుగా, నేను ఎంపికైనది తొంభైల నడుమ. సర్టిఫికెట్ల పరిశీలనకు నాంపల్లిలోని ఒక ఆఫీసుకు రమ్మన్నారు. నా వంతు ఆఖరి రోజున వచ్చింది. సాయంత్రం అయిదులోగా పరిశీలన పూర్తి కాకపోతే ఆ పోస్టు జాబితాలో తర్వాతివాడికి పోతుంది.

నేను చిన్నప్పటినుంచి ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో థాన్లు మడిచినవాణ్ణి. ఆదివారం అక్కడి ఫుట్‌పాత్‌ మీద పరిచే పాత పుస్తకాలు కొనుక్కుని చదివాను. పదో తరగతి, ఇంటర్ ప్రైవేటుగా పాసయ్యాను. బీఏ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేశాను. బెంచీ మీద కూర్చుని చదివింది బీఎడ్ ఒక్కటే. అందులో ఫస్టు క్లాసు. ఇందులో ఏదీ ఎవరూ దానం చేసింది కాదు.

అభ్యర్థి ఏ జిల్లావాడో తేల్చడానికి నాలుగు నుంచి పదో తరగతి దాకా చదివిన బడుల బోనఫైడ్‌లు అడుగుతారు. బడికి పోనివాడు ఆ ఏడేళ్లూ ఎక్కడ నివసించాడో ఎమ్మార్వో ఇచ్చిన పత్రం పెడితే చాలు. నేను అదే పెట్టాను.

జూనియర్ అసిస్టెంటు ఫైలు తిరగేసి, "బోనఫైడ్లు ఏవి?" అన్నాడు.

"బడికి పోలేదు సార్. ప్రైవేటుగ రాసిన. నివాస పత్రం ఉంది, చూడున్రి."

అతను పక్క బల్లవైపు తిరిగాడు. "విన్నవా అన్నా? బడి మొఖం చూడనోడు పంతులయితడంట."

పక్క బల్ల నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మండుతుంది. నా ఎమ్మార్వో పత్రాన్ని అతను చదవను కూడా లేదు. టైపు చేసిన చెక్‌లిస్టులో దానికి గడి లేదట. నన్ను గోడవారన నిలబెట్టాడు. మూడు గంటలు నిలబడ్డాను.

నాలుగున్నరకు సూపరింటెండెంటు దగ్గరికి నేనే వెళ్లాను.

"రూలు ఒప్పుకోదయ్యా, ఏం జేస్తం," అన్నాడాయన.

"మంచిది సార్. గదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టున్రి. తీస్కపోత."

"రాసుడెందుకు? నోటితోని చెప్తున్న గద."

"రాయలేని రూలును నేనెందుకు నమ్మాలె సార్?"

ఆయన పెన్ను తీశాడు, మూత పెట్టాడు. నోటిఫికేషన్ తెమ్మన్నాడు. ఆ గదిలో ఎవరి దగ్గరా లేదు. నా సంచిలోని జిరాక్సు ఇచ్చాను, నివాస పత్రం చాలన్న పేరా మీద వేలు పెట్టి మరీ. చదివి, నా ఫైలు మీద సంతకం పెట్టి, "గీ ముచ్చట ముందే చెప్పొద్దా?" అన్నాడు. క్షమాపణ లేదు. నేను అడగనూ లేదు.

తర్వాత ప్రధానోపాధ్యాయుణ్ణయ్యాను. టీసీ లేదని ఏ పిల్లనైనా మా గుమాస్తా వెనక్కి పంపబోతే, ఆ నిరాకరణ కాగితం మీద రాసి తెమ్మనేవాణ్ణి. పదవీ విరమణ దాకా అటువంటి కాగితం ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు. పిల్లలందరూ చేరారు.