మాయ పడని పూట

నెత్తురంటే ఆయాకు రోత లేదు. ఇరవై రెండేళ్లుగా కాన్పుల వార్డులో గుడ్డలు పిండి, నేల కడిగిన మనిషి. ఆమెకు ఒళ్లు జలదరించేది పెద్ద డాక్టరును చూస్తేనే. కాన్పుబల్లవైపు కన్నెత్తకుండానే పోయిన నెత్తురెంతో కేస్ షీటులో రాయించేవాడు.

ఆ మధ్యాహ్నం ఒక పంతులమ్మకు రెండో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. బిడ్డ వెనకే రావాల్సిన మాయ అరగంట దాటినా పడలేదు. సూదిమందు ఇచ్చారు. నర్సు బొడ్డుతాడు పట్టి మెల్లగా లాగింది. కదల్లేదు. నెత్తురు మాత్రం ధార కట్టింది.

"నెత్తురు ఐదొందల మిల్లీలీటర్లు పోయిందని రాసెయ్. మత్తు డాక్టరు భోంచేసి రానీ" అని గుమ్మంలోంచే నర్సుకు చెప్పి, పెద్ద డాక్టరు టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఆయా వరండాలోకి వచ్చి పంతులమ్మ అత్తగారిని అడిగింది. "మొదటి కాన్పప్పుడు ఏమన్నా అయిందా అమ్మా?"

"ఏం కాలేదు."

పక్కనున్న కొడుకు నేలచూపులు చూస్తూ గొణిగాడు. "అప్పుడూ మాయ పడలేదు. చెయ్యి పెట్టి తీశారు. తర్వాత ఒకసారి కడుపు పోతే కడిగించాం."

"నోర్ముయ్‌రా! ఊరంతా టముకు వేస్తావా?"

"ఛీ, మీ పరువు పాడుగాను!" అంది ఆయా. "ఆ సంగతి ముందే చెబితే రక్తం సిద్ధంగా పెట్టుకునేవాళ్లు కదా!"

లోపలికి పరిగెత్తి, తడిసిన గుడ్డలన్నీ సంచిలో కుక్కి, చెత్త తూచే కొక్కెం త్రాసుకు తగిలించింది. పొడి గుడ్డ బరువెంతో ఆమెకు కంఠతా వచ్చు. ఆ సంచి పట్టుకుని తిన్నగా డాక్టరు గదిలోకి నడిచింది.

"ఛీ, ఏంటిది? అవతల పారెయ్!" డాక్టరు ముక్కు మూసుకున్నాడు.

"మీ ఐదొందలండీ. గుడ్డల బరువు పోగా కిలోన్నర తూగింది. నేలమీదది ఎత్తలేకపోయాను. పోయిన కాన్పులోనూ మాయ చెయ్యి పెట్టే తీశారట. మధ్యలో ఒకసారి కడిగించారట కూడా."

డాక్టరు మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. కప్పు వదిలేసి ఒక్క ఉరుకు ఉరికాడు. మత్తు డాక్టరు ఎంగిలి చెయ్యి కడుక్కుంటూ వచ్చాడు. మాయ ముక్కలు ముక్కలుగా చేతికొచ్చింది. మూడు సీసాల రక్తం ఎక్కించారు. ప్రాణం దక్కింది, గర్భసంచీ దక్కింది.

"నేను వెంటనే కనిపెట్టాను కాబట్టి సరిపోయింది" అన్నాడు డాక్టరు బయటికొచ్చి. అత్తగారు రెండు చేతులూ జోడించింది. కేస్ షీటులో ఐదొందలు కొట్టేసి పదిహేనొందలు చేశాడు, తనే తూచినట్టు. బల్ల కింద తుడుస్తున్న ఆయా 'ఛీ' అనుకుని గుడ్డను కసిగా పిండింది.

మర్నాడు పక్కగుడ్డ మారుస్తూ అడిగింది. "నువ్వు చదువుకున్నదానివి, నువ్వన్నా చెప్పొద్దటమ్మా?"

"అత్తయ్య వద్దన్నారు."

"నెత్తురు పోయింది అత్తయ్యకా?"

పంతులమ్మ నర్సును పిలిచి, రెండుసార్లు మాయ నిలిచిపోయిన సంగతి, కడిగించిన సంగతి డిశ్చార్జి కాగితంలో పూర్తిగా రాయమంది. గుమ్మంలో అత్తగారు మొహం చిట్లించింది.

"కాస్త పెద్దక్షరాలతో రాయండి" అంది పంతులమ్మ.