నా గురించి మూర్తిగారు చెప్పబోయే మాటలు

ఈ ఉదయం ఉంగుటూరు దగ్గర రైల్వే గేటు పడింది. నా ముందు ఆగిన లారీ నిండా తవుడు, వేరుశనగ చెక్క బస్తాలు. వాన తుంపరకు తడిసిన ఆ బస్తాల వాసన, కాస్త పులుపూ కాస్త కమ్మదనమూ కలిసినది, కారు అద్దంలోంచి లోపలికి రాగానే నాకు కైకలూరులోని ఒక మేడ మెట్లు గుర్తుకొచ్చాయి. కింద చేపల మేత దుకాణం. పైన రెండు గదుల్లో మూర్తిగారి ఆఫీసు. ఇంజనీరింగు పూర్తయ్యాక నేను మొదట ఉద్యోగం చేసిన చోటు అది.

మూర్తిగారు అంతకుముందు ఏలూరులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పి, మానేసి వచ్చినవారు. చెరువు నీటిలోని ఆక్సిజన్‌ను కొలిచే పరికరాలు అమర్చి, అది తగ్గగానే రైతు ఫోనుకు సందేశం వెళ్ళే ఏర్పాటు చేసేవారు. సందేశం అందగానే రైతు ఏరేటర్లు వేసుకుంటాడు. నీటిని చిలికి గాలి అందించే యంత్రాలవి. ఆ సందేశాలు పంపే ప్రోగ్రామును చూసుకోవడం నా పని. ఆఫీసులో మొత్తం నలుగురం. ఆయన ఎవరినైనా గట్టిగా కోప్పడగా నేను వినలేదు. చెప్పవలసిన మాటను దాటవేయగా కూడా చూడలేదు.

రెండేళ్ళకు హైదరాబాదులోని ఒక పెద్ద కంపెనీ ఇంటర్వ్యూల్లో నెగ్గాను. నా గురించి చెప్పగల ఒకరి పేరు, ఫోను నంబరు ఇమ్మన్నారు. వారితో మాట్లాడాకే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. మా ఇంట్లో నాకు ముందు డిగ్రీ చదివినవారు లేరు. మా నాన్న ఆటో నడిపేవారు. కంపెనీ అడిగింది ఒక పెద్దమనిషి సిఫార్సు అనే మేమంతా అనుకున్నాం. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని మా ఊరి రైస్‌మిల్లు యజమాని దగ్గరికి వెళ్ళివచ్చారు. "బంగారంలాంటి పిల్లని చెప్తానన్నారమ్మా, ఇంకేం కావాలి?" అన్నారు సంబరంగా. నేను ఆయన పేరే రాశాను.

ఆ సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు మూర్తిగారు ఫారం చేతికి తీసుకుని చూశారు.

"ఈయన నీ పని ఎప్పుడు చూశారమ్మా?"

"చూడలేదండి. వాళ్ళ పిల్లల్ని మా నాన్న ఆటోలో బడికి దింపుతారండి."

"అయితే మీ నాన్నగారి డ్రైవింగ్ గురించి నిక్షేపంగా చెప్తారు," అన్నారాయన నవ్వకుండా. పక్క గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. "మరి నా పేరెందుకు రాయలేదు?"

తల దించుకున్నాను. కారణం మా ఇద్దరికీ తెలుసు.

అంతకు ఏడాది ముందు, ప్రోగ్రాములో ఒక మార్పును సరిచూస్తూ ఒక చెరువుకు వెళ్ళే సందేశాలను ఆపాను. తిరిగి మొదలుపెట్టడం మరచి ఇంటికి వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున రాజుగారనే రైతు ఫోను. ఆయన చెరువులో చేపలు చచ్చి తేలాయి. "మెసేజీ రాలేదేంటమ్మాయ్?" అంటే, "నెట్‌వర్కు సమస్యండి," అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలికగా నోట్లోంచి వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మధ్యాహ్నానికి ఉండబట్టలేక మూర్తిగారికి నిజం చెప్పాను. ఆయన బండి తాళం తీశారు. "నాకు చెప్తే ఏం లాభం? పద." చెరువు గట్టు మీద చచ్చిన బొచ్చె చేపలను బుట్టల్లోకి ఎత్తిస్తున్న రాజుగారి ఎదుట నిలబడి జరిగింది చెప్పాను. ఆయన ఇంకో బుట్ట నిండేదాకా ఎత్తిస్తూనే ఉన్నారు. "పొద్దున్నుంచీ ఆ సెల్లు టవరోణ్ణి తిడతన్నానండి మూర్తిగారూ. పాపం, ఆడికేం తెలుసు," అన్నారు చివరికి. నా వైపు మాత్రం చూడలేదు.

మూర్తిగారికి ఒక పద్ధతి ఉండేది. తన దగ్గర పనిచేసినవారి గురించి ఎవరైనా అడగబోతున్నారంటే, తాను చెప్పబోయేది కాగితం మీద రాసి, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపించేవారు. ఫారం చూసిన ఆ రోజు నాకూ అలాగే రాసి చదివారు. పని త్వరగా నేర్చుకుంటుంది. తను రాసిన ప్రోగ్రాము ఇతరులకు అర్థమయ్యేలా ఉంటుంది. ఒకసారి తన పొరపాటు వల్ల ఒక రైతు చెరువు దెబ్బతింది. మొదట దాచింది, ఆ రోజే ఒప్పుకుంది. ఆ మాట చదివేటప్పుడు కూడా ఆయన నా ముఖంలోకే చూశారు.

"ఆ ఒక్కటీ తీసేయండి సార్." నాకు ఏడుపు వచ్చేసింది. "మా ఇంట్లో ఇలాంటి ఉద్యోగం ఎవరికీ రాలేదండి."

"తీయలేనమ్మా. నా పేరు ఇస్తావో, మిల్లు ఆయన పేరే ఉంచుతావో నీ ఇష్టం. ఎటైనా నాకు కోపం లేదు."

రెండు రోజులు ఆలోచించి ఆయన పేరే ఇచ్చాను. అది ధైర్యమని చెప్పుకోను. రోజూ ఆయనకు ఎదురుపడాలన్న బెరుకే ఎక్కువ. కంపెనీవారు ఆయనకు ఫోను చేశారు. వారం తర్వాత, మరొకరిని తీసుకున్నామని నాకు మర్యాదగా ఈమెయిల్ పంపారు. కారణం రాయలేదు. "మిల్లు ఆయనైతే ఈపాటికి చేరిపోయేదానివి," అన్నారు నాన్న. నెల్లాళ్ళు మూర్తిగారితో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆయనా నన్ను బుజ్జగించలేదు.

ఆ రోజుల్లోనే ఒకనాడు రాజుగారు నా ఫోనుకు చేశారు. పరికరం ఏదో తప్పు చూపుతోందట. ఆఫీసు నంబరుకు చేయకపోయారా అని అడిగాను. "ఆఫీసుకి చేస్తే మళ్ళీ టవరు మీదకి తోసేస్తారేమోనని. నువ్వైతే ఉన్నదున్నట్టు చెప్తావు కదమ్మాయ్!" అని గట్టిగా నవ్వారు. ఫోను పెట్టేశాక ఆ రోజంతా నా చేతులకు పని తేలికగా తోచింది.

కొన్నాళ్ళకు మరో కంపెనీవారు పేరు అడిగారు. ఇంట్లో ఎవరినీ సంప్రదించకుండా మూర్తిగారి పేరు రాసి ఆయనతో చెప్పాను. ఆయన కాగితం తీసి మళ్ళీ చదివారు. చెరువు మాట ఉన్నచోటే ఉంది. దాని కింద కొత్తగా ఒక వాక్యం చేరింది: "ఈ సంగతి చెప్తానని తెలిసే రెండోసారీ నా పేరు ఇచ్చింది."

ఆ ఉద్యోగం వచ్చింది.

మూర్తిగారు ఇప్పుడు లేరు. నేను తాడేపల్లిగూడెంలో ఇంటి నుంచే ఒక బృందాన్ని నడుపుతున్నాను. నా బృందంలోని ఇంజనీర్లు వేరే చోటికి వెళుతూ నా పేరు ఇస్తుంటారు. చెప్పబోయేది రాసి ముందుగా వాళ్ళకు చదివి వినిపిస్తాను. ఇద్దరు నా పేరు వెనక్కి తీసుకున్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. అయితే ఇబ్బందికరమైన వాక్యం వచ్చినప్పుడు మూర్తిగారు ఎదుటి మనిషి ముఖంలోకి చూసేవారు. నేను ఇంకా కాగితంలోకే చూస్తున్నాను.