నీలం ఇంకా నిలవలేదు

మా కెమిస్ట్రీ మేడం పోయారన్న కబురు ఆదివారం ఉదయం కాలేజీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. ఆ ఒక్క వాక్యం కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. ఫోన్‌ని పిట్టగోడ మీద బోర్లించి మిగిలిన బట్టలు ఆరేశాను. ఏడుపు రాలేదు. బాగా అలసిపోయినట్టు మాత్రం అనిపించింది.

బుధవారం కాలేజీలో సంతాప సభ పెట్టారు. ఒక పెద్దాయన మైకు పట్టుకుని, "చర్మానికి ఏ హానీ చెయ్యని సన్‌స్క్రీన్ పొడిని మన నూజివీడులోనే కూర్చుని సాధించారండీ ఆవిడ" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అది నిజం కాదు. ఆ మాట నా వల్లే పుట్టింది కనక లేచి చెప్పవలసింది నేనే. లేవలేకపోయాను. పిలిస్తే తప్ప లేవకూడదని పదేళ్ళపాటు కాన్వెంటులో నేర్చుకున్నాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మేడంకి బొల్లి ఉండేది. చేతుల మీద, మెడ మీద, పెదవుల చుట్టూ తెల్లని మచ్చలు. కాసేపు ఎండ తగిలినా అవి ఎర్రగా కందిపోయేవి. జింక్ ఉన్న క్రీములు ఎండని బాగా ఆపుతాయి కానీ మనలాంటి ఒంటి రంగు మీద సున్నం కొట్టినట్టు కనిపిస్తాయి. జింక్ రేణువుల్ని నానో సైజుకి తగ్గిస్తే ఆ తెలుపు పోతుంది. అయితే అంత చిన్న రేణువులు ఎండ తగిలినప్పుడు పక్కనున్న చర్మాన్నో రంగునో పాడుచెయ్యడం కూడా ఎక్కువవుతుంది. ఆ గుణాన్ని అణచడానికి మేడం ఒక్కొక్క రేణువు చుట్టూ సిలికాతో పలచటి పొర తొడిగే ప్రయత్నంలో ఉండేవారు. "కనిపించకుండా ఉండటం మంచిదేనమ్మా. కానీ కనిపించనిది ఏం చేస్తోందో మనకి తెలియాలి కదా" అనేవారు.

లాబ్‌లో ఆవిడకి సాయం చేసేది నేను. పొడి తూచేటప్పుడు ఫ్యాన్ ఆపేసేవాళ్ళం. నానో పొడి గాలిలో లేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఆవిడ భయం. మే నెల, ముఖానికి మాస్కు, చేతులకి గ్లవ్స్. చెమట గడ్డం మీదుగా కారుతున్నా తుడుచుకోవడానికి లేదు. ఆవిడ మాత్రం బియ్యం ఏరుతున్నంత నెమ్మదిగా తూచేవారు. సాయంత్రం అయ్యేసరికి ఇద్దరికీ మాట్లాడే ఓపిక ఉండేది కాదు. "అలిసిపోయి రాసిన అంకెని మర్నాడు పొద్దున్న మళ్ళీ చూడు" అని ఒక్క మాట అనేసి గొడుగు తీసుకునేవారు.

మేము నడిచే దారిలో మామిడికాయలు ఏరి పెట్టెలకెత్తే షెడ్డు ఒకటి ఉంది. ముసునూరు వైపు తోటల నుంచి ట్రాక్టర్లు వచ్చి అక్కడే ఆగుతాయి. పని చేసే ఆడవాళ్ళకి మేడం అంటే చనువు.

"మేడంగారూ, ఎండకి రాసుకునే మందేదో చేస్తున్నారంట కదా, మాకూ కాస్త పెట్టండి" అంది ఒకామె ఒకరోజు. సొన కారి ఆమె మోచెయ్యి నల్లగా కాలి ఉంది.

"ఇంకా అవలేదమ్మా."

"అది రాసుకుంటే తెల్లగా అవుతామా అండీ?"

"అవ్వరు. నేనయ్యాను చూడు, దానికి క్రీమేం అక్కర్లేదు."

షెడ్డంతా నవ్వింది. అందరికంటే ఎక్కువగా మేడం నవ్వారు. కాస్త దూరం వచ్చాక, "మీరైనా రాసుకుని చూశారా మేడం?" అని అడిగాను.

"నా మీద మాత్రం ఎందుకు? నేనూ మనిషినేగా" అన్నారు.

పొర సరిగా పట్టిందో లేదో మేము ఎండలోనే చూసేవాళ్ళం. నీలం రంగు కలిపిన నీళ్ళలో పొడి వేసి, సీసాలని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో ఉంచాలి. పొడి చెడ్డదైతే నీలం వెలిసిపోతుంది. పొర బాగా పడితే నిలుస్తుంది. వేసవి సెలవుల్లో కాలేజీ డాబాకి తాళం వేశారు. మేడం ఇంటి డాబా మీద చెట్టు నీడ. అందుకని సీసాలు మా డాబా ఎక్కాయి. ఎండలో పని నాది, నీడలో పని ఆవిడది.

తప్పు అక్కడే జరిగింది. అమ్మ అదే డాబా మీద మామిడి ఒరుగులు ఎండబెట్టింది. కాకులు ఎత్తుకుపోతాయని ముక్కల మీద పాత చీర కప్పి, అంచు ఎగరకుండా ఇటుకలు పెట్టింది. పిట్టగోడ చివర మా సీసాలు రెండు ఆ అంచు కిందికి వచ్చాయి. సాయంత్రం నేను పైకి వెళ్ళేసరికి పొర లేని పొడి ఉన్న సీసాల్లో నీళ్ళు తెల్లగా ఉన్నాయి. పొర ఉన్న రెండింట్లో నీలం పెట్టింది పెట్టినట్టే ఉంది. వాటి మీద చీర నేను చూశాను. ఇప్పుడే గాలికి జరిగి ఉంటుందిలే అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. లాబ్ పుస్తకంలో 'నీలం నిలిచింది' అని రాశాను.

మేడం ఆ పేజీని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసేశారు. "తొమ్మిదేళ్ళమ్మా" అన్నారు. ఆ రాత్రే విజయవాడలో జరిగే సదస్సుకి వ్యాసం పంపారు. కాలేజీలో అందరికీ తెలిసింది. సభలో మాట్లాడిన పెద్దాయనకీ అప్పుడే తెలిసి ఉంటుంది.

మూడు రోజులు నోరు విప్పలేదు. మూడో రోజు అమ్మని అడిగాను, ఆ వేళ చీర ఎప్పుడు కప్పావని. "పొద్దున్నే కప్పా. చివరనున్న నీ సీసాలు రెండు కూడా దుమ్ము పట్టకుండా ఉంటాయని చీర కిందికి లాగాను. ఏం, పగిలాయా ఏంటి?" అంది.

మధ్యాహ్నం ఎండలోనే మేడం ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడి చెప్పాను. చీర నేను చూశానన్నది కూడా చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

"ఒరుగులు బాగా ఎండాయా?" అన్నారు చివరికి.

"ఎండాయండీ."

"అదొక్కటైనా అయింది."

తర్వాత నా ఎదురుగానే సదస్సు వాళ్ళకి వ్యాసం వెనక్కి తీసుకుంటున్నట్టు మెయిల్ రాశారు. కారణం దగ్గర నా పేరు లేదు. 'మా పరీక్షలో లోపం జరిగింది' అని మాత్రమే ఉంది. మర్నాడు పుస్తకంలో నేను రాసింది కొట్టేయనివ్వలేదు. "అది అలాగే ఉండనీ. కింద జరిగింది రాయి" అన్నారు. రాశాను. మళ్ళీ సీసాలు పెట్టాం. పొర లేని పొడి రెండు గంటల్లో నీలాన్ని మింగేసింది. మా పొడికి సాయంత్రం దాకా పట్టింది. కాస్త నయం, అంతే. మొదటి మాట ఊరంతా చేరింది. రెండోది చేరలేదు.

ఆ తర్వాత ఆవిడలో హుషారు తగ్గింది. పని మాత్రం ఆపలేదు. మెట్ల మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవారు. పొర మందం మార్చి, వేడి మార్చి, పదకొండో పొడి, పన్నెండో పొడి చేశారు. ఒక్కోసారి స్టూలు మీద కూర్చుని గోడకి తల ఆనించి, "నీలానికి మన మీద జాలి లేదమ్మా" అనేవారు. నా మీద ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

సభ అయ్యాక నేను లాబ్‌కి వెళ్ళాను. శుక్రవారం సాయంత్రం ఛాతీలో బరువుగా ఉందని ఇంటికి వెళ్ళే ముందు, మేడం పద్నాలుగో పొడిని ఓవెన్‌లో పెట్టి వెళ్ళారు. తలుపు మీద కాగితం అంటించి ఉంది: 'ముట్టుకోవద్దు. సోమవారం నేనే తీస్తాను.' ఎవరూ ముట్టుకోలేదు. ఓవెన్ ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది.

స్విచ్ కట్టేసి, గుడ్డతో పట్టుకుని గిన్నె బయటికి తీశాను. ఐదు రోజులు ఎండిన పొడి ఇక పనికొస్తుందో లేదో నాకు తెలియదు. లేబుల్ మీద నంబరు వేశాను, శుక్రవారం తారీఖు వేశాను, చేసినవారు అన్న చోట ఆవిడ పేరు రాశాను. ఫలితం అన్న గడి ఖాళీగా వదిలేశాను.

పొడి చల్లారడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ పక్కనే నిలబడ్డాను.