కదలని అంకె

ఆసుపత్రిలో అందరూ ఆమెను అలారం అక్క అంటారు. మొదట్లో ఆమెది ఫోన్లు కలిపే పని. ఎవరి జేబులో వాళ్లకు ఫోన్ వచ్చాక ఆ పని పోయింది. అదే కుర్చీ తెచ్చి మెట్ల కింది గదిలో, గోడకున్న ఫైర్ అలారం పెట్టె ముందు వేశారు. మోగితే చెప్పమన్నారు.

మోగేది అరుదు. మోగనప్పుడు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఆమె అంకెలు చూడటం మొదలుపెట్టింది.

పైకప్పుకున్న, పొగను పసిగట్టే ఒక్కో డిటెక్టర్‌లో అరచేతిలో పట్టేంత చీకటి గది ఉంటుందని, అందులో ఒక సన్నని వెలుగు ఉంటుందని వాటిని బిగించినతను చెప్పాడు. పొగ దూరితే ఆ వెలుగు చెదురుతుంది. ఎంత చెదిరిందో పెట్టె మీద అంకెగా కనిపిస్తుంది. పొగకు అంకె ఎగబాకుతుంది. ఆవిరికి ఎగిరి దిగుతుంది. దుమ్ముకు నెలల తరబడి, చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. ఏమీ లేనప్పుడు కూడా ఊరుకోదు. ఇరవై రెండు, ఇరవై మూడు, మళ్లీ ఇరవై రెండు. ఎవరో తలుపు తీశారు. ఎవరో దుప్పటి దులిపారు.

ఇన్నేళ్లయినా ఆమెకు అది అలవాటు కాలేదు. ఇంత పెద్ద కట్టడంలో ఎక్కడో ఒక నలుసు కదిలితే ఇక్కడ ఒక అంకె కదలడం. ఒక్కోసారి చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయేది.

"సీరియల్ చూసినట్టు చూస్తావేమిటే, అందులో అత్త కూడా లేదు" అని మొగుడు ఏడిపించేవాడు. అతను అక్కడే పెయింటర్.

ఆ రోజు నెలలు నిండని పిల్లల కోసం కొత్త వార్డు తెరుస్తున్నారు. రంగులు వేసింది మొగుడే. ఆమె చెల్లెలి కొడుకు, పిడికెడంత వాడు, పాత వార్డులో గాజు పెట్టెలో ఉన్నాడు. అందరితో పాటు వాణ్నీ ఇవాళ మార్చాలి.

గోడ పెట్టె మీద కొత్త వార్డుకు, అంతా బాగుందన్నట్టు, పచ్చ దీపం వెలుగుతోంది. ఆమె ఒక్కో అంకె చూసుకుంటూ వెళ్లింది. కిటికీ పక్కది ఇరవై రెండు. ఆమె చూపు అక్కడే ఆగింది. పైన బల్లలు లాగుతున్నట్టున్నారు, తక్కినవన్నీ ఒకటి అటూ ఇటూ ఊగుతున్నాయి. అది మాత్రం ఇరవై రెండు. ఎంతసేపు చూసినా ఇరవై రెండు.

ఆమె వెంటనే పెద్ద నర్సుకు ఫోన్ చేసింది.

"పిల్లల్ని కాసేపు తేవద్దమ్మా."

"మోగిందా?"

"లేదు."

"ఎర్ర దీపమా?"

"లేదమ్మా. ఒక అంకె కదలడం లేదు."

"కదలకపోతే మంచిదేగా అక్కా!"

"పక్కవన్నీ కదులుతుంటే ఇదొక్కటి చచ్చినట్టు పడుందమ్మా."

"సరే, తొందరగా తేల్చక్కా. మీ చెల్లెలు అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడింది."

తర్వాత మొగుడికి చేసింది. "రంగు పడకుండా డిటెక్టర్లకు పెట్టిన ప్లాస్టిక్ టోపీలు తీశారా?"

"తీశానే తల్లీ, అన్నీ."

"లెక్కపెట్టారా?"

"నేను రంగులు వేసేవాణ్నా, టోపీలు అమ్ముకునేవాణ్నా? ఎర్ర టోపీలే అవి. తెల్ల పైకప్పు మీద ఉంటే కనపడి చావదా?"

"కిటికీ పక్కది చేత్తో తడిమి చూడండి."

"ఇక్కణ్నుంచి కనపడుతూనే ఉందిగా, తెల్లగా..."

"నిచ్చెన ఎక్కండి. ఫోన్ పెట్టెయ్యకండి."

సణుగుడు వినిపించింది. నిచ్చెన ఈడ్చిన చప్పుడు. తర్వాత గోటితో గీకిన చప్పుడు.

"ఏమైంది?"

"పైకప్పుకు స్ప్రే కొట్టాను కదా. టోపీ మీద కూడా పడింది. తెల్లగా కలిసిపోయింది. పొగ వచ్చినా దీని లోపలికి పోయేది కాదు. నా చేత్తో నేనే..."

"తియ్యండి ముందు."

టక్కుమంది. ఆమె రెప్ప వెయ్యలేదు. ఇరవై రెండు. ఇరవై రెండు. ఇరవై నాలుగు. ఇరవై మూడు.

"నీకెలా తెలిసిందే?"

"దిగండి. పిల్లలు వస్తున్నారు."

నర్సుకు కబురు చెప్పి మళ్లీ పెట్టె ముందు కూర్చుంది. కాసేపటికి ఆ వార్డు అంకెలన్నీ ఒక్కసారిగా ఒకటి పెరిగి, తగ్గాయి. తలుపు తెరిచారు. వచ్చిన పిల్లల్లో చెల్లెలి కొడుకు ఏ మూల ఉన్నాడో పెట్టె చెప్పదు.

కిటికీ పక్కది మళ్లీ కదిలింది. పెద్దవాళ్లెవరో తన గదిలోకి వస్తే మర్యాద చేసినట్టు, ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.